‘నా హీరో’ వ్యాసం ఎలా రాయాలి? పదో తరగతి అమ్మాయికి ఒక తెలుగు మాస్టారి జవాబు

ప్రశ్న: మాస్టారూ, నేను పదో తరగతి. మాది రాజాం దగ్గర పల్లెటూరు. దసరా సెలవులకి తెలుగులో మూడు పనులిచ్చారు. ‘నా హీరో’ మీద రెండు పేజీలు, ఒక పుస్తకానికి సమీక్ష, ‘మా జిల్లా ప్రముఖులు’ ప్రాజెక్టు. నా హీరో నిజంగా సినిమా హీరోయే. కానీ క్లాసులో నలభై మందిమీ గైడు చూసి అబ్దుల్ కలాం గారి మీదే రాసేస్తున్నాం. పుస్తకం పట్టుకుంటే నాకు నిద్రొచ్చీస్తాది. సినిమా అయితే మూడు గంటలూ రెప్ప వెయ్యను. మొన్న రాజాంలో సినిమాకెళ్తే, ఇంటర్వెల్ ముందర హీరోని కొట్టేస్తంటే మా తమ్ముడు సీటు కిందకి దూరిపోనాడు. ఇలాంటివి రాస్తే మార్కులేస్తారా? మా జిల్లా అంటే ఏ జిల్లా రాయాలి? మొన్నటిదాకా శ్రీకాకుళం కదా?

జవాబు:

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి మీ తమ్ముడి కోసం చదివాను. అతని సంగతికి తప్పకుండా వస్తాను. నీ భయం మార్కుల దగ్గరుంది కాబట్టి ముందు అది చెప్పేస్తాను.

నేను 33 ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. గార వైపు మొదలుపెట్టి, వంగర మీదుగా గజపతినగరం దాకా తిరిగాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. దిద్దేవాడి ముందు నలభై కాగితాల కట్ట ఉంటే ఏం జరుగుతుందో చెప్తాను, విను. మొదటి కాగితంలో కలాం గారు రామేశ్వరంలో పుట్టారు. రెండోదాంట్లోనూ అక్కడే, అదే వాక్యంలో పుట్టారు. ఏడో కాగితానికి వచ్చేసరికి చెయ్యి మార్కు వేస్తూ పోతుంది గానీ కన్ను చదవడం మానేస్తుంది. ఇది ఏ మాస్టారి తప్పూ కాదు. ఒకే మాట నలభైసార్లు చెప్తే అమ్మ కూడా వినదు. అలాంటి కట్టలోనే ఒకసారి ఒక పిల్ల ‘మా ఇంట్లో కలాం గారి బొమ్మ ఉన్న క్యాలెండరు వెనకాల అమ్మ రేషన్ కార్డు దాస్తుంది, అందుకని నెలకోసారి ఆయన మొహం దగ్గరగా చూస్తాను’ అని రాసింది. అక్కడ నా కలం ఆగిపోయింది. ఆ పిల్ల కూడా కలాం గారి గురించే రాసింది, కానీ ఆ వాక్యం ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. మార్కులు దానికి వేస్తామమ్మా. ఎవరి మీద రాశావన్నదానికన్నా, నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యం అందులో ఒక్కటైనా ఉందా అన్నదే చూస్తాం.

కలాం గారి మీదే రాయాలనుకున్నా అడ్డు చెప్పను. గైడు ఆయన్ని బిరుదుల పట్టీగా మార్చేసింది గానీ, ఆయన జీవితంలో ఒక్క రోజు చాలు, రెండు పేజీలు నిండుతాయి. 1979 ఆగస్టు 10. శ్రీహరికోట నుంచి పైకి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకి బాధ్యుడు కలాం. కానీ పత్రికలవాళ్ళ ముందు కూర్చుని జవాబు చెప్పింది ఆయన పైఅధికారి సతీష్ ధావన్. మరుసటేడు, 1980 జూలై 18న రాకెట్ విజయవంతంగా రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మాత్రం పత్రికల వాళ్ళతో మాట్లాడమని ధావన్ కలాం గారినే పంపారు. ఈ సంగతి కలాం గారే ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఇప్పుడు చెప్పు, ఈ కథలో హీరో ఎవరు? ఇలాంటి ప్రశ్న మిగిల్చిన వ్యాసం ఏ మాస్టారైనా చివరిదాకా చదువుతాడు.

ఇక నీ సినిమా హీరో. నిరభ్యంతరంగా రాయి. కొందరు మాస్టార్లు ఒప్పుకోరని నాకు తెలుసు. ‘హీరో అంటే దేశనాయకుడు’ అని నోటుబుక్కులోనే చెప్పి ఉంటే మీ మాస్టారిని ముందుగా ఒక మాట అడుగు. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. కానీ నా మాటగా ఒకటి చెయ్యి. కాగితం మీద రెండు గడులు గీసుకుని, ఒకదాంట్లో తెర మీది పాత్ర చేసిన పనులు రాయి, రెండోదాంట్లో ఆ మనిషి చేసిన పనులు రాయి. పదిమందిని ఎగరగొట్టినవాడు మొదటి గడిలోకి వెళ్తాడు. రెండో గడిలో నీకు నిజంగా తెలిసింది ఎంతుందో చూసుకో. అది దాదాపు ఖాళీగా ఉంటే బెంగపడకు, అది కూడా రాయదగ్గ విషయమే. మనకి తెలియని మనిషిని మనం ఇంత ఇష్టపడుతున్నామంటే, ఆ ఇష్టం ఎక్కడ పుట్టిందో వెతకాలి. ఆయన నడకలోనా? తల తిప్పి చూసే తీరులోనా? ఆయన తెర మీదికి రాగానే హాల్లో కాగితం ముక్కలు ఎగరేసి ఈలలు వేసే ఆ వందమందిలోనా? నా అనుభవంలో చాలామంది పిల్లల ఇష్టం ఆ మూడో చోట ఉంటుంది. ఒంటరిగా ఫోన్లో అదే సీను చూస్తే అంత ఒళ్ళు పులకరించదు. నీకు అలాగే ఉంటే, నీ వ్యాసం హీరోతో మొదలై రాజాం సినిమా హాలు దగ్గరికి చేరుతుంది. అంతకన్నా మంచి దారి నాకు తెలీదు.

ఇక్కడో హెచ్చరిక. సినిమా హీరో వద్దన్నారని సగం మంది పిల్లలు ‘నా హీరో మా అమ్మ’కి మళ్ళుతారు. ఆ వ్యాసాలు వేలకొద్దీ చదివాను. అమ్మ పొద్దున్నే లేస్తుంది, మన కోసం కష్టపడుతుంది, అమ్మ రుణం తీర్చుకోలేం. ఇదీ గైడు వ్యాసమే అమ్మా, గైడు పేరు లేదంతే. అమ్మ మీద రాయాలనుంటే, ఆమె ఒక రోజు ఒకరితో ఆడిన ఒక మాట రాయి. ఆ మాట దొరక్కపోతే అమ్మ జోలికి వెళ్ళకు.

ఇప్పుడు నువ్వు రాసిన ‘దూరిపోనాడు’ దగ్గరికి వద్దాం. ఈ మాట చూసి నా గుండె కొంచెం బరువెక్కింది, ఎందుకో చెప్తాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వాళ్ళ నాన్న గురించి రాశాడు. ఆ వాక్యాలు ఇప్పటికీ నోటికొచ్చు. ‘కళ్ళంలో నానకి పాము అగుపించింది. నాన ఏటీ అన్లేదు. దుప్పటి దులుపుకుని మల్లీ తొంగున్నాడు.’ నేను ఎర్ర కలంతో నాన, అగుపించింది, ఏటీ, తొంగున్నాడు అన్న నాలుగు మాటలకీ గీతలు పెట్టి, పక్కన ‘గ్రామ్యం’ అని రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. ఆ కుర్రాడు తెలివైనవాడు. మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు. తరవాతి పరీక్షకి గైడులో వాక్యాలు వరసగా దింపాడు, ఏడు మార్కులు తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్న గురించి మాత్రం ఇంకెప్పుడూ రాయలేదు. పాము పక్కన నిద్రపోయిన ఆ మనిషిని నేనే కాగితం మీంచి తుడిచేశాను. దీనికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

నాకు కళ్ళు తెరిపించింది మన వైపు మనిషే. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. బళ్ళో ఆ రోజు దండ వేస్తాం, ఉపన్యాసం చెప్తాం. ఆయన చేసిన పని మాత్రం పిల్లలకి తిన్నగా చెప్పం. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. దానికి అప్పటికి పుస్తకాల్లేవు. మాట్లాడే మనుషుల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, విని, ఒక్కొక్క మాటా రాసుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. కొండల్లో తిరుగుతుంటే మన్యపు జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. చెవులతో ఒక భాషని పట్టుకున్న మనిషికి చెవులే పోయాయి. అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. తెలుగులో కూడా పిల్లలు మాట్లాడే భాషలోనే రాయనివ్వాలని పండితులతో ఏళ్ళ తరబడి పోరాడారు. నువ్వివాళ ‘వచ్చితిని, పోయితిని’ అని రాయక్కర్లేకుండా పోయిందంటే అందులో ఆయన చెమట ఉంది.

అందుకని నా సలహా ఇది. వ్యాసంలో నువ్వు చెప్పేది మామూలు రాత తెలుగులో రాయి, పరీక్షలో అది అవసరం. మనుషులు ఆడిన మాటలు మాత్రం వాళ్ళు ఆడినట్టే రాసి, ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టు. మీ తమ్ముడు బయటికొచ్చి ‘ఐపోనాదేటి?’ అని అడిగి ఉంటే, ‘అయిపోయిందా?’ అని దిద్దకు. ఆ గుర్తులున్నచోట ఏ మాస్టారూ ఎర్ర గీత పెట్టలేడు.

పుస్తకం చూస్తే నిద్రొస్తుందన్నావు. నీకు నిద్ర తెప్పించేది పుస్తకం లావు. రెండు వందల పేజీలున్నది పట్టుకుని ఒకటో పేజీ నుంచి పోరాడితే నాకూ నిద్రొస్తుంది. సమీక్షకి పుస్తకం అంటే నవలే అక్కర్లేదు, కథ చాలు. గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. నాలుగైదు పేజీలు, అరగంట కూడా పట్టదు. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన భర్తకి భార్య కనబడదు. కథ ఇంతే. చివర ఏమవుతుందో చెప్పను. మీ తమ్ముడు సినిమా హాల్లో దూరిన చోటుకీ, ఆ కథ ముగిసే చోటుకీ ఒక చుట్టరికం ఉంది. అది నీకు దొరికితే, నీ సమీక్షలో మొదటి వాక్యం దొరికినట్టే.

సమీక్ష అంటే పిల్లలు కథ సారాంశం రాసి, చివర ‘ఈ కథ నాకు చాలా నచ్చింది’ అంటారు. అది సమీక్ష కాదమ్మా. చదువుతూ పక్కన పెన్సిలు పెట్టుకో. ఎక్కడ ఆగావో, ఎక్కడ వెనక్కెళ్ళి మళ్ళీ చదివావో, ఏ మాట అర్థం కాలేదో, ఎవరి మీద కోపం వచ్చిందో అక్కడల్లా చిన్న చుక్క పెట్టు. కథ పూర్తయ్యాక ఆ చుక్కల దగ్గరికి మాత్రమే వెళ్ళి, ఒక్కొక్క దానికీ మూడు వాక్యాలు రాయి. అయిదు చుక్కలుంటే సమీక్ష తయారు. నచ్చలేదు అనిపిస్తే అదే రాయి, కానీ ఏ పేజీలో, ఎందుకు నచ్చలేదో చెప్పు.

కథలు ఇంకా కావాలంటే శ్రీకాకుళం వెళ్ళు. రాజాం నుంచి బస్సులుంటాయి. అక్కడ ‘కథానిలయం’ అని తెలుగు కథల కోసమే కట్టిన గ్రంథాలయం ఉంది. 1997 ఫిబ్రవరి 22న మొదలైంది. దాన్ని పెట్టిన కాళీపట్నం రామారావు గారు మురపాకలో పుట్టారు. బడిపంతులుగా పనిచేసి, కథకుడిగా పేరు తెచ్చుకున్నారు. తనకి వచ్చిన పురస్కారాల డబ్బు ఇంటికి తీసుకెళ్ళకుండా, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని దీనికి పెట్టారు. ‘కారా మాస్టారు’ అంటే ఈ జిల్లాల్లో చదువుకున్న వాళ్ళకి వేరే పరిచయం అక్కర్లేదు. నేను మొదటిసారి అక్కడి అరల మధ్య నిలబడి, పేరు ఎప్పుడూ వినని రచయితల కథల్లో మన వైపు ‘ఏటి’, ‘తొంగోడం’ అచ్చులో చూశాను. ఆ రోజు నా ఎనిమిదో తరగతి కుర్రాడు గుర్తొచ్చి, బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

సినిమా మీద నీ ప్రేమని వదులుకోమని ఎప్పటికీ చెప్పను. సినిమా చూసే పిల్లలకి కథ కట్టడం వచ్చు, వాళ్ళకే ఆ సంగతి తెలీదు. వంగరలో ఉండగా నా క్లాసులో ఒకడు రాయమంటే నాలుగు వాక్యాలు దాటేవాడు కాదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం సినిమా కథ మొదలుపెడితే చుట్టూ ఇరవై మంది. ఒకరోజు పక్కన నిలబడి విన్నాను. హీరో ఊళ్ళోకి దిగినచోట తాపీగా చెప్తున్నాడు. కొట్లాట దగ్గర ఊపిరి తిప్పుకోవడం లేదు. సరిగ్గా విలన్ తలుపు తట్టే ముందు ఆగి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, అందరినీ చూసి, ‘అప్పుడేటయ్యిందంటే...’ అన్నాడు. నాకు ఆ మూడు క్షణాల్లో ఒక ఏడాది శిక్షణ దొరికింది. మర్నాటి నుంచి ఇద్దరిద్దరిని జత చేశాను. ఒకరు చెప్పాలి, రెండోవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి. వాడు ‘రాసిన’ మొదటి వ్యాసం మూడు పేజీలు.

అప్పట్నించి ప్రతి వ్యాసానికీ నేను పెట్టే పరీక్ష అదే. నీ రెండు పేరాల మధ్య ‘అప్పుడేటయ్యిందంటే’ అని పెట్టి చూడు. అతికితే అక్కడ కథ నడుస్తోందని అర్థం. ‘కలాం గారు నిరాడంబరుడు. అప్పుడేటయ్యిందంటే కలాం గారు దేశభక్తుడు’ అంటే అతకదు. ‘రాకెట్ సముద్రంలో పడింది. అప్పుడేటయ్యిందంటే...’ అను, ఎలా అతుకుతుందో చూడు.

సినిమా చూసే పద్ధతిలో ఒక్క మార్పు చేసుకో. నచ్చిన సీను ఫోన్లో శబ్దం తీసేసి ఒకసారి చూడు. హీరో ఎంతసేపు నిలబడి ఉన్నాడు, అతని వెనక ఎవరున్నారు, దెబ్బ తగిలినప్పుడు కెమెరా ఎవరి మొహం మీదకి వెళ్ళింది, ఇవి రాసుకో. పాట, నేపథ్య సంగీతం మన కళ్ళకి ఎంత సాయం చేస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

హీరో సంగతికి మీ ఊరి కన్నా మంచి పాఠం లేదు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పేరు నువ్వు పుట్టినప్పట్నించీ వింటూ ఉంటావు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. ఎదురుగా ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. పాపారాయుడు అప్పుడు మీ రాజాంలో ఉన్నాడు. అతను చేరేసరికి కోటలో మిగిలింది బూడిద. తరవాత కొద్ది రోజుల్లోనే రాత్రివేళ విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ని చంపి, తనూ చనిపోయాడు. బుర్రకథలు ఈ కథ చెప్పాయి, 1964లో సినిమా కూడా వచ్చింది. రాజాంలోనూ బొబ్బిలిలోనూ ఈ కథ చెప్పు, పాపారాయుడు హీరో. విజయనగరం కోట గుమ్మం దగ్గర నిలబడి చెప్పు, అదే రాత్రి ఒక రాజుని నిద్రలో పోగొట్టుకున్న ఊరు కనిపిస్తుంది. నేను రెండు చోట్లా ఈ పాఠం చెప్పాను, పిల్లలు రెండు చోట్లా ఆవేశపడ్డారు, వేర్వేరు మనుషుల కోసం. చిత్రం ఏంటంటే, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు మీ రాజాం వచ్చి చేరింది విజయనగరం జిల్లాలోకే. ఇప్పుడు పాపారాయుడి ఊరి పిల్లా, విజయనగరం ఊరి పిల్లా ఒకే జిల్లా ప్రముఖుల మీద ప్రాజెక్టు రాస్తున్నారు. ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుని ఆ ఒక్క పేజీ కలిసి రాస్తే చూడాలని ఉంది నాకు.

ఏ జిల్లా రాయాలి అని అడిగావు కాబట్టి, పైన ‘విజయనగరం జిల్లా’ అని రాసి, కింద ‘2022 వరకు మా ఊరు శ్రీకాకుళం జిల్లా’ అని ఒక వాక్యం పెట్టు. అప్పుడు రెండు జిల్లాల వాళ్ళనీ తీసుకునే హక్కు నీకుంటుంది. మల్లయోధుడు కోడి రామమూర్తి గారి ఊరు వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్ళింది, ఆయన పేరుతో ఉన్న స్టేడియం శ్రీకాకుళంలో ఉంది. మనుషులు జిల్లా గీతల ప్రకారం పుట్టరు.

పాతికమంది ఫొటోలు అంటించి, కింద పుట్టిన తేదీ, మరణించిన తేదీ రాస్తే అది ప్రాజెక్టు కాదు. ఇద్దరు చాలు. నన్నడిగితే వీళ్ళిద్దరిని తీసుకోమంటాను.

ఒకరు గురజాడ. ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడారు. మొదటి రంగమే ఆ ఊళ్ళోని బొంకులదిబ్బ దగ్గర జరుగుతుంది. అందరూ గిరీశం మాటలు చెప్పుకుంటారు. నీ ప్రాజెక్టుకి కావలసింది ముందుమాటలో ఉంది. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని పెళ్ళిళ్ళు చేయడం మీద విజయనగరం మహారాజు ఆనందగజపతి లెక్క తీయించారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాల్లో, మూడేళ్ళలో అలాంటి పెళ్ళిళ్ళు 1034 తేలాయి. ఆ పిల్లల్లో అయిదేళ్ళ వాళ్ళు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికూనలకి కట్టిన వెల 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు గురజాడ తన నాటకం ముందు పెట్టుకున్నారు. అన్ని నవ్వులున్న నాటకం కింద ఇంత ఏడుపు ఉంది. ప్రాజెక్టు పని అంటే ఇదమ్మా. అడిగి, లెక్కపెట్టి, ఆ తరవాత రాయడం. నువ్వు కూడా మీ వీధిలో పదిళ్ళకి వెళ్ళి, ‘అమ్మమ్మా, నీ పెళ్ళికి నీకెన్నేళ్ళు?’ అని అడిగి రాసుకో. పది అంకెలు వస్తాయి. గురజాడ పేజీ పక్కన ఆ పేజీ అంటించు. ఏ గైడూ నీకు ఆ పేజీ అమ్మలేదు.

రెండోవారు కరణం మల్లేశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆమెది. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఈ వాక్యం అందరూ రాస్తారు, నువ్వూ రాయి, కానీ అక్కడ ఆగిపోకు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. తేడా రెండున్నర కిలోలు. ఇంట్లో తూకం ఉంటే రెండున్నర కిలోల బియ్యం తూచి, సంచిలో పోసి, తల మీదకి ఎత్తి చూడు. బంగారానికీ కంచుకీ మధ్య ఉన్న దూరం నీ చేతికి తెలుస్తుంది. అది తెలిశాక ఆమె గురించి రాసే వాక్యాలు వేరుగా ఉంటాయి.

అసలు వ్యాసం సోమవారం లోపు మొదలుపెట్టేసేయ్, సెలవుల చివరి రోజుకి ఉంచకు. మొదటి వాక్యం వెతుక్కోనక్కర్లేదు, నువ్వు నాకు రాసేశావు. ‘ఇంటర్వెల్ ముందర హీరోని కొట్టేస్తంటే మా తమ్ముడు సీటు కిందకి దూరిపోనాడు.’ హీరో అంటే ఏమిటో ఇంతకన్నా బాగా ఎవరూ మొదలుపెట్టలేరు. వాడికి ఆ మనిషి గెలుస్తాడని ఇంకా తెలీదు. నీకు తెలుసు, పోస్టరు చూసిన అందరికీ తెలుసు. ఆ హాల్లో నిజంగా భయపడ్డవాడు వాడొక్కడే. రాసే ముందు ఇవాళ రాత్రి అన్నాల దగ్గర వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా అడుగు. సీటు కింద ఉన్నంతసేపూ వాడికి ఏం వినపడిందో, మళ్ళీ పైకి ఎందుకొచ్చాడో. వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఒక్క మాట కూడా దిద్దకు.